‘ఈజ్ సెడ్ టు బీ’నా, ‘ఈజ్ సెడ్ టు హావ్ బీన్’ఆ? ‘అట’ను ఇంగ్లిష్‌లోకి తెచ్చేటప్పుడు వచ్చే చిక్కులు

కొత్తపలక
అందరికీ నమస్కారం. ‘ఆయన చాలా ధనవంతుడట’ అన్నదానికి ఒక గైడులో ‘హీ ఈజ్ సెడ్ టు బీ వెరీ రిచ్’ అని ఉంది. తర్వాతి పేజీలో ‘హీ ఈజ్ సెడ్ టు హావ్ బీన్ వెరీ రిచ్’ అని, ఇంకోచోట ‘హీ వాజ్ సెడ్ టు బీ వెరీ రిచ్’ అని ఉంది. మూడింటికీ తెలుగు మాత్రం ‘ధనవంతుడట’ అనే ఇచ్చారు. తేడా ఏమిటండీ? ‘ఇట్ ఈజ్ సెడ్ దట్’ ఒక్కటే వాడుకుంటే ఈ గొడవ తప్పుతుందా?

భాషాసేతు
ఇంగ్లిష్ వాక్యాలు మూడూ సరైనవే. తెలుగు అర్థాలే అరకొరగా ఇచ్చారు. అవి ఇలా ఉండాలి:

‘ఈజ్ సెడ్ టు బీ’: ఆయన ధనవంతుడని ఇప్పుడు అంటున్నారు. డబ్బూ ఇప్పుడే ఉంది.
‘ఈజ్ సెడ్ టు హావ్ బీన్’: ఆయన ఒకప్పుడు ధనవంతుడని ఇప్పుడు అంటున్నారు.
‘వాజ్ సెడ్ టు బీ’: ఆయన ధనవంతుడని అప్పట్లో అనేవారు. అన్నదీ అప్పుడే, డబ్బున్నదీ అప్పుడే.

నాలుగోదీ ఉంది: ‘వాజ్ సెడ్ టు హావ్ బీన్’. అంతకుముందెప్పుడో ధనవంతుడుగా ఉండేవాడని అప్పట్లో అనుకునేవారు.

వాక్యంలో క్రియలు రెండు. మొదటిది (ఈజ్ సెడ్, వాజ్ సెడ్) జనం ఆ మాట ఎప్పుడు అన్నారో చెబుతుంది. రెండోది, అంటే ‘టు’ తర్వాతది, సంగతి ఎప్పుడు జరిగిందో చెబుతుంది. అయితే దానికి సొంత కాలం ఉండదు. మాట అన్న సమయంతో పోల్చి ‘అప్పుడే’ అనో ‘అంతకుముందే’ అనో మాత్రమే చెప్పగలదు. అప్పుడే అయితే ‘టు బీ’, అంతకుముందైతే ‘టు హావ్ బీన్’.

మన ‘అట’ వాక్యం చివర చేరి ఊరుకుంటుంది, దానికి కాలం లేదు. ఎవరు అన్నారో, ఎప్పుడు అన్నారో చెప్పదు. కాబట్టి ఇంగ్లిష్‌లోకి వెళ్ళే ముందే ఆ రెండు సమయాలనూ మనం తేల్చుకోవాలి. తేల్చుకోకుండా రాస్తే గైడులో జరిగిందే జరుగుతుంది.

నిత్యపాఠి
భాషాసేతు గారు చెప్పినదానికి ఇంకాస్త చేర్పు. ‘టు’ తర్వాత వచ్చే రూపాలు ఆరు నేర్చుకుంటే దాదాపు పని గడిచిపోతుంది. ‘వర్క్’, ‘బిల్డ్’ తీసుకుందాం.

చేస్తుంటాడట: ఈజ్ సెడ్ టు వర్క్
ఇప్పుడు చేస్తూ ఉన్నాడట: ఈజ్ సెడ్ టు బీ వర్కింగ్
చేశాడట: ఈజ్ సెడ్ టు హావ్ వర్క్‌డ్
అప్పట్లో చేస్తూ ఉన్నాడట: ఈజ్ సెడ్ టు హావ్ బీన్ వర్కింగ్
కడతారట (వస్తువు కర్త): ఆర్ సెడ్ టు బీ బిల్ట్
కట్టారట (వస్తువు కర్త): ఈజ్ సెడ్ టు హావ్ బీన్ బిల్ట్

ఎక్కువమంది తప్పేది ఆరోదాంట్లో. ‘ద బ్రిడ్జ్ ఈజ్ సెడ్ టు హావ్ బిల్ట్ ఇన్ టూ ఇయర్స్’ అని ‘బీన్’ వదిలేస్తారు. అప్పుడు వంతెనే దేన్నో కట్టిందన్న అర్థం వస్తుంది. లోపలి క్రియ, అంటే ‘టు’ తర్వాతది, పాసివ్ (కర్మణి) అయితే ‘బీన్’ ఉండి తీరాలి.

ఇంకో తప్పు ‘టు హాడ్’, ‘టు వెంట్’. కాలం ఎంత వెనక్కి వెళ్ళినా ‘టు’ తర్వాత ‘హావ్’ మారదు, దాని తర్వాత వీ3 (క్రియ మూడో రూపం, ‘గాన్’ లాంటిది) వస్తుంది.

కొత్తపలక
‘టు హావ్ వర్క్‌డ్’ అన్నది సింపుల్ పాస్ట్‌కా, ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కా?

నిత్యపాఠి
రెండింటికీ. పాస్ట్ పర్ఫెక్ట్‌కి కూడా అదే. ‘దట్ హీ వర్క్‌డ్’, ‘దట్ హీ హాజ్ వర్క్‌డ్’, ‘దట్ హీ హాడ్ వర్క్‌డ్’ మూడూ ‘టు’ దగ్గరికి వచ్చేసరికి ఒకే రూపంలో కలిసిపోతాయి. తేడా కావాలంటే కాలం చెప్పే మాట చేర్చాలి: ‘ఇన్ 1990’ అంటే జరిగిపోయిన సంగతి, ‘సిన్స్ 1990’ అంటే ఇప్పటిదాకా సాగుతున్నది. ఆ తేడా కీలకమైన చోట ‘ఇట్ ఈజ్ సెడ్ దట్’ వాడటమే మేలు, అందులో టెన్స్ ఉన్నదున్నట్టు నిలుస్తుంది.

అనువాదదీపిక
మొదటి పోస్టులోని రెండో ప్రశ్న మిగిలింది: ఎప్పుడూ ‘ఇట్ ఈజ్ సెడ్ దట్’ వాడొచ్చా? తప్పేమీ కాదు. కానీ పేరాలో మూడు వాక్యాలు వరసగా ‘ఇట్ ఈజ్’తో మొదలైతే చదివేవాడికి మనిషి కనబడడు. పేరా అంతా ఒక మనిషి గురించో కట్టడం గురించో అయితే ఆ పేరే వాక్యం ముందు ఉండాలి: ‘ద టెంపుల్ ఈజ్ బిలీవ్డ్ టు…’. మనిషి కంటే సంఘటన ముఖ్యమైనప్పుడు, లేదా ‘దట్’ తర్వాతి వాక్యం పొడవైనప్పుడు ‘ఇట్’ బాగుంటుంది.

తప్పనిసరిగా ‘ఇట్’ వాడాల్సిన చోట్లూ ఉన్నాయి. లోపలి వాక్యంలో ‘కెన్’, ‘మస్ట్’, ‘మైట్’ ఉంటే అవి ‘టు’ పక్కన నిలవవు. ‘హీ ఈజ్ సెడ్ టు కెన్ స్పీక్’ అనలేం. ‘కెన్’ అయితే ‘టు బీ ఏబుల్ టు స్పీక్’ అని మార్చుకోవచ్చు. ‘మైట్’కి అలాంటి మార్గం లేదు, ‘ఇట్ ఈజ్ సెడ్ దట్ హీ మైట్’ అనే రాయాలి.

‘విల్’ సంగతి ఇంకా జాగ్రత్త. ‘ఆమె రేపు రాజీనామా చేస్తుందట’ అన్నదాన్ని ‘షీ ఈజ్ సెడ్ టు రిజైన్ టుమారో’ అంటే కుదరదు. ‘ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు రిజైన్’ అనాలి. ‘ఎక్స్‌పెక్ట్’ అర్థంలోనే భవిష్యత్తు ఉంది కాబట్టి దాని పక్కన మామూలు ‘టు’ ముందు జరగబోయేదాన్ని చూపిస్తుంది. ‘సే’కి ఆ బలం లేదు. అది కేవలం వినికిడే అని నొక్కి చెప్పాలంటే ‘ఇట్ ఈజ్ సెడ్ దట్ షీ విల్ రిజైన్’ అనండి, లేదా ‘షీ ఈజ్ సెడ్ టు బీ ప్లానింగ్ టు రిజైన్’ అనండి.

పదకోశం
ఏ క్రియ ఏ వాక్య నమూనాలో ఇముడుతుందో కూడా చూడాలి. ‘సే, థింక్, బిలీవ్, నో, రిపోర్ట్, ఎక్స్‌పెక్ట్, కన్సిడర్, అండర్‌స్టాండ్, అలెజ్, క్లెయిమ్, ఎస్టిమేట్, అస్యూమ్’: ఇవి ‘ఇట్… దట్’లోనూ ‘టు’తోనూ నడుస్తాయి.

‘హోప్, అగ్రీ, అనౌన్స్, సజెస్ట్, ఎక్స్‌ప్లెయిన్’: వీటిని వినికిడి అర్థంలో ‘ఇట్… దట్’తోనే వాడాలి. ‘హీ ఈజ్ హోప్డ్ టు కమ్’ తప్పు, ‘ఇట్ ఈజ్ హోప్డ్ దట్ హీ విల్ కమ్’ ఒప్పు. ‘షీ వాజ్ అనౌన్స్‌డ్ టు హావ్ వన్’ కూడా రాయకండి.

‘సే’లో ఒక వింత ఉంది. ‘దే సే హిమ్ టు బీ రిచ్’ అని యాక్టివ్‌లో ఎవరూ అనరు. పాసివ్‌లో మాత్రం ‘హీ ఈజ్ సెడ్ టు బీ రిచ్’ చక్కటి ఇంగ్లిష్. ‘రూమర్డ్’, ‘రెప్యూటెడ్’ కూడా అంతే, ఈనాటి వాడుకలో ఇలా పాసివ్‌లోనే కనబడతాయి. యాక్టివ్ రాసి దాన్ని పాసివ్‌లోకి తిప్పే అలవాటున్నవాళ్ళు ఇక్కడ తడబడతారు. వీటిని తిప్పడం కాదు, నేరుగా నేర్చుకోవాలి.

‘కన్సిడర్’ పక్కన ‘టు బీ’ వదిలేయవచ్చు: ‘ప్లూటో వాజ్ కన్సిడర్డ్ ఎ ప్లానెట్ అంటిల్ 2006’. ‘ఫియర్డ్ డెడ్’, ‘రిపోర్టెడ్ మిస్సింగ్’ అనే పొట్టి రూపాలూ పత్రికల్లో మామూలే.

కొత్తపలక
ప్రయత్నించాను, దిద్దండి:
1. ఐ వాజ్ సెడ్ దట్ ద ఆఫీస్ ఈజ్ క్లోజ్డ్.
2. హీ ఈజ్ సెడ్ దట్ హీ ఈజ్ ఎ గుడ్ డాక్టర్.
3. త్రీ వర్కర్స్ ఈజ్ రిపోర్టెడ్ టు బీ ఇంజర్డ్.
4. హీ వాజ్ టోల్డ్ టు బీ ఎ థీఫ్. (అతను దొంగట.)

భాషాసేతు
ఒకటోది: ‘సే’ పక్కన వినేవాడు కర్మగా రాడు. ‘నాతో చెప్పారు’ అన్న అర్థానికి ‘టెల్’ కావాలి. ‘ఐ వాజ్ టోల్డ్ దట్ ద ఆఫీస్ వాజ్ క్లోజ్డ్’. లోపల ‘ఈజ్’ కాస్తా ‘వాజ్’ అవడం గమనించండి. తెలుగులో ‘ఆఫీసు మూసి ఉందని చెప్పారు’ అంటాం, ‘ఉంది’ వర్తమానంగానే ఉండిపోతుంది, ‘అని’ దాన్ని కదిలించదు. ఇంగ్లిష్‌లో బయట భూతకాలం వస్తే లోపలిదీ ఒక మెట్టు వెనక్కి జరగడం మామూలు పద్ధతి. ఆఫీసు ఇప్పటికీ మూసే ఉంటే ‘ఈజ్’ ఉంచినా తప్పు కాదు. పరీక్షలో మాత్రం ‘వాజ్’ రాయండి.

రెండోది: రెండు వాక్య నమూనాలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నాయి. ‘దట్’ కావాలంటే ముందు ‘ఇట్’ ఉండాలి. ముందు ‘హీ’ ఉంటే వెనక ‘టు’ ఉండాలి.

మూడోది: కర్త మారితే క్రియ దాని వెంటే నడవాలి. ‘త్రీ వర్కర్స్ ఆర్ రిపోర్టెడ్’. ‘ఇట్ ఈజ్ రిపోర్టెడ్’ నుంచి మార్చేటప్పుడు ‘ఈజ్’ అలాగే మిగిలిపోతుంటుంది.

నాలుగోది అన్నిటికంటే ప్రమాదం. ‘టోల్డ్ టు’ అంటే వినికిడి కాదు, ఆజ్ఞ. ‘హీ వాజ్ టోల్డ్ టు లీవ్’ అంటే వెళ్ళిపొమ్మన్నారు అని. మీ వాక్యానికి ‘దొంగగా ఉండమని చెప్పారు’ అన్న అర్థం వస్తుంది. ‘హీ ఈజ్ సెడ్ టు బీ ఎ థీఫ్’ అనాలి. ఇలాంటిదే ‘ఇట్ వాజ్ టోల్డ్ దట్’. ‘టెల్’కి వినేవాడు కావాలి కనుక ‘వి వర్ టోల్డ్ దట్’ అనండి, వినేవాడు అక్కర్లేకపోతే ‘ఇట్ వాజ్ సెడ్ దట్’ అనండి.

వార్తాక్షరి
నాలుగో వాక్యం గురించి ఇంకో మాట. ఒక మనిషిని ‘దొంగట’ అని అచ్చులో వేసేటప్పుడు ‘సెడ్’ సరిపోదు. నేరం రుజువు కానప్పుడు ‘అలెజ్డ్’ వాడతారు: ‘హీ ఈజ్ అలెజ్డ్ టు హావ్ స్టోలెన్ ద మనీ’. ఎంచుకునే క్రియను బట్టి రాసేవాడు ఎంత పూచీ పడుతున్నాడో తెలిసిపోతుంది. ‘నోన్’ అంటే రూఢి. ‘బిలీవ్డ్’, ‘థాట్’ అంటే ఆధారంతో కూడిన నమ్మకం. ‘సెడ్’, ‘రిపోర్టెడ్’ అంటే విన్నది విన్నట్టు. ‘క్లెయిమ్డ్’ అంటే వాళ్ళు అంటున్నారు, నాకు నమ్మకం లేదు. ‘అలెజ్డ్’ అంటే ఆరోపణ. ‘రూమర్డ్’ అంటే పుకారు. తెలుగులో ప్రతీతి, సమాచారం, వినికిడి, ఆరోపణ, పుకారు అని మనం చూపే తేడాలే ఇవి. ‘అట’ ఒక్కటే కనబడింది కదా అని అన్నిచోట్లా ‘సెడ్’ వేస్తే ఈ బరువులు పోతాయి.

చెప్పినవాళ్ళెవరో తెలిస్తే ఈ పాసివ్ అసలు వద్దు. ‘పోలీసులు చెప్పారు’ అని తెలిశాక ‘ఇట్ ఈజ్ సెడ్ బై ద పోలీస్ దట్’ రాయడం మొరటుగా ఉంటుంది. ‘ద పోలీస్ సే’ లేదా ‘అకార్డింగ్ టు ద పోలీస్’ చాలు. చెప్పిన నోరు తెలియనప్పుడు, లేక అది ముఖ్యం కానప్పుడు పనికొచ్చే రూపం ఇది.

సరళరేఖ
‘హీ ఈజ్ రిచ్, ఇట్ సీమ్స్’ అని రాస్తే సరిపోదా? ‘అట’కి అదే దగ్గరగా ఉంది కదా, వాక్యం చివర కూడా వస్తుంది.

అనువాదదీపిక
అది మన దక్షిణాది ఇంగ్లిష్‌లో బాగా వినబడుతుంది. సరిగ్గా ‘అట’ స్థానంలోకే వచ్చి కూర్చుంది. మనలో మనకు అర్థమవుతుంది. బయటివాళ్ళకు మాత్రం ‘ఇట్ సీమ్స్’ అంటే ‘నాకలా అనిపిస్తోంది’ అని వినబడుతుంది, అంటే ఆధారాలు చూసి చెప్పేవాడే కట్టిన ఊహ. ‘అట’లో మన ఊహ ఏమీ లేదు, ఎవరో అన్నది చేరవేస్తున్నాం అంతే. మాటల్లో తేలిగ్గా చెప్పాలంటే ‘అపారెంట్లీ’ దగ్గరి మాట. రాతలో ‘ఈజ్ సెడ్ టు’.

అటునుంచి ఇటు వచ్చేటప్పుడూ ఇబ్బందే. ‘ఈజ్ సెడ్ టు బీ’ని ‘ధనవంతుడని చెప్పబడుతోంది’ అని అనువదిస్తున్నారు. దయచేసి అలా చేయకండి. ‘బడు’ ఇక్కడ తెలుగు గొంతులో పలకదు. కర్త లేకుండా ‘అంటారు’, ‘అంటుంటారు’ అన్నా, ‘అని ప్రతీతి’ అన్నా, ‘అట’ అన్నా ఆ పాసివ్ చేసే పనంతా అయిపోతుంది. వాళ్ళు పాసివ్‌తో చెప్పినవాడిని దాచారు, మనం కర్తను వదిలేసి దాచాం.

నిత్యపాఠి
‘ఈజ్ థాట్ టు’, ‘వాజ్ థాట్ టు’ తేడాకు సీలకాంత్ అనే చేప మంచి ఉదాహరణ. దాని శిలాజాలు సుమారు 6.6 కోట్ల ఏళ్ళ నాటి తర్వాతివి దొరకలేదు. 1938 డిసెంబరులో దక్షిణాఫ్రికా తీరంలో బతికున్నదే వలలో పడింది. కాబట్టి: ‘ద సీలకాంత్ వాజ్ థాట్ టు హావ్ డైడ్ అవుట్’. ఇక్కడ ‘వాజ్’ అన్నప్పుడే ఆ నమ్మకం ఇప్పుడు లేదని వినేవాడు పసిగడతాడు. ‘ఈజ్ థాట్ టు హావ్ డైడ్ అవుట్’ అంటే చేప ఇంకా దొరకనట్టే. డైనోసార్ల గురించైతే ‘ఆర్ థాట్ టు హావ్ డైడ్ అవుట్ అబౌట్ 66 మిలియన్ ఇయర్స్ ఎగో’, ఎందుకంటే ఆ అభిప్రాయం ఇప్పటికీ నిలిచే ఉంది. చచ్చిపోవడం రెండుచోట్లా పాతదే, రెండుచోట్లా ‘టు హావ్’ వచ్చింది. మారింది మొదటి క్రియ ఒక్కటే.

‘వాజ్’ ఉన్నంత మాత్రాన నమ్మకం తప్పని తేలినట్టేనని మాత్రం అనుకోవద్దు. కథనమంతా భూతకాలంలో నడుస్తుంటే ‘వాజ్ సెడ్ టు’ మామూలుగానే వస్తుంది.

కొత్తపలక
‘కాదట’, ‘చేయడట’ అనాలంటే ‘నాట్’ ఎక్కడ పెట్టాలి?

పదకోశం
క్రియను బట్టి ఉంటుంది. ‘థింక్, బిలీవ్, ఎక్స్‌పెక్ట్’లతో ముందు పెట్టడమే వాడుక: ‘హీ ఈజ్ నాట్ ఎక్స్‌పెక్టెడ్ టు రికవర్’, అంటే కోలుకోడని అనుకుంటున్నారు. ‘సే’తో అలా కుదరదు. ‘ఆయన మాంసం తినడట’ అంటే ‘హీ ఈజ్ సెడ్ నాట్ టు ఈట్ మీట్’. ‘హీ ఈజ్ నాట్ సెడ్ టు ఈట్ మీట్’ అంటే తింటాడని ఎవరూ అనలేదని. అది వేరే సంగతి.

నిన్న, నేడు లాంటి మాటల చోటూ చూసుకోండి. ‘హీ వాజ్ రిపోర్టెడ్ యెస్టర్‌డే టు హావ్ లెఫ్ట్’ అంటే వార్త నిన్నటిది. ‘హీ వాజ్ రిపోర్టెడ్ టు హావ్ లెఫ్ట్ యెస్టర్‌డే’ అంటే వెళ్ళింది నిన్న.

సరళరేఖ
‘కింద ఒక సొరంగం ఉందట’ అన్నదానికి కర్త ఎవరు?

పదకోశం
‘దేర్’నే కర్తగా ముందుకు తేవచ్చు: ‘దేర్ ఈజ్ సెడ్ టు బీ ఎ టనెల్ బినీత్ ద ఫోర్ట్’. సొరంగాలు చాలా ఉంటే ‘దేర్ ఆర్ సెడ్ టు బీ’.

నిత్యపాఠి
‘సపోజ్డ్ టు’ గురించి ఎవరూ అనలేదు. ‘ఇట్ ఈజ్ సపోజ్డ్ టు బీ ఎ గుడ్ స్కూల్’ అంటే మంచి బడేనట. ‘యూ ఆర్ సపోజ్డ్ టు బీ హియర్ ఎట్ నైన్’ అంటే తొమ్మిదింటికి ఉండాలి, అది విధి. సందర్భమే తేల్చాలి. పరీక్షలో వినికిడికి ‘సెడ్’ వాడితే ఆ రెండో అర్థం తగులుకోదు.

వార్తాక్షరి
ఇప్పుడు ఒక చిన్న వార్త తీసుకుని మొత్తం మార్చి చూద్దాం.

‘నిన్న రాత్రి గోదాములో మంటలు చెలరేగాయి. షార్ట్ సర్క్యూటే కారణమని భావిస్తున్నారు. లోపల ఇద్దరు చిక్కుకున్నట్లు సమాచారం. మంటలు అదుపులోకి రావడానికి మరో రెండు గంటలు పడుతుందని అంచనా.’

మొదటి వాక్యంలో వినికిడి లేదు, జరిగినది జరిగినట్టు: ‘ఎ ఫైర్ బ్రోక్ అవుట్ ఎట్ ఎ వేర్‌హౌస్ లాస్ట్ నైట్’. అన్నిటికీ ‘రిపోర్టెడ్’ తగిలిస్తే ఖాయమైన సంగతి కూడా అనుమానంగా కనబడుతుంది.

రెండోది: భావిస్తున్నది ఇప్పుడు, కారణం అంతకుముందుది, పైగా లోపల పాసివ్. ‘ఇట్ ఈజ్ బిలీవ్డ్ టు హావ్ బీన్ కాజ్డ్ బై ఎ షార్ట్ సర్క్యూట్’. ఇక్కడ ‘ఇట్’ అంటే మంటలే.

మూడోది జాగ్రత్త. ‘చిక్కుకున్నట్లు’ అన్నది తెలుగులో భూతకాల రూపమే, కానీ వాళ్ళు ఇంకా లోపలే ఉన్నారు. ‘కూర్చున్నాడు, పడుకున్నాడు, నిలబడ్డాడు’ లాంటి మన మాటలన్నీ ఇంతే, రూపం భూతం, స్థితి వర్తమానం. రూపం చూసి ‘టు హావ్’ వేస్తే వాళ్ళు బయటపడ్డారని అర్థమవుతుంది. ‘టూ పీపుల్ ఆర్ రిపోర్టెడ్ టు బీ ట్రాప్డ్ ఇన్‌సైడ్’.

నాలుగోది: ‘ఇట్ ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు టేక్ అనదర్ టూ అవర్స్ టు బ్రింగ్ ద ఫైర్ అండర్ కంట్రోల్’.

కొత్తపలక
నాలుగోదాంట్లో ‘ఇట్’ ఉంది, కానీ ‘దట్’ లేదు. నియమం తప్పలేదా?

భాషాసేతు
తప్పలేదు. ‘ఇట్ విల్ టేక్ టూ అవర్స్’ అన్న లోపలి వాక్యానికే సొంతంగా ‘ఇట్’ ఉంది. ‘హీ’ ముందుకు వచ్చినట్టే ఆ ‘ఇట్’ ముందుకు వచ్చింది, అందుకే వెనక ‘టు’. ‘దట్’ కావాలంటే రెండు ‘ఇట్’లు వస్తాయి: ‘ఇట్ ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ దట్ ఇట్ విల్ టేక్’.

కొత్తపలక
మర్నాటి వార్తలో ఆ ఇద్దరి గురించి: ‘టూ పీపుల్ ఆర్ రిపోర్టెడ్ టు హావ్ బీన్ ట్రాప్డ్ ఫర్ త్రీ అవర్స్’. సరేనా?

వార్తాక్షరి
సరిగ్గా ఉంది. మూడు గంటలు చిక్కుకుని, తర్వాత బయటికి వచ్చారన్నమాట. ఒకవేళ ముందురోజు వచ్చిన కబురే తప్పని తేలితే మొదటి క్రియను మార్చండి: ‘టూ పీపుల్ వర్ రిపోర్టెడ్ టు బీ ట్రాప్డ్ ఇన్‌సైడ్, బట్ ద బిల్డింగ్ వాజ్ ఎంప్టీ’.